దారి మారినప్పుడు మాట మారవలెనా?

ధ్యాన భాగము: 2 కొరింథీ 1:12–23



మన సంఘములలో పెరిగిన బిడ్డలు అనేకులు నేడు దూరదేశములలో కాపురములు చేయుచున్నారు. ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట తల్లిదండ్రులు నాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, మా అబ్బాయికి కెనడాలో శాశ్వత నివాసము వచ్చినది, కృతజ్ఞతా ప్రార్థన చేయండి" అని అడుగుట ఇప్పుడు తరచుగా జరుగుచున్నది. మనము సంతోషించి ప్రార్థించుచున్నాము. అయితే ఆ కాగితము చేతికి వచ్చిన తరువాత ఆ బిడ్డల మనస్సులో పుట్టు కలవరమును వినువారు కొద్దిమందియే. అట్టి కలవరము ఒకటి కొంతకాలము క్రిందట ఉత్తరముగా నాకు వచ్చెను. వ్రాసిన సహోదరుని పేరు చెప్పను. అతని అనుమతితోనే ఈ సంగతి మీ యెదుట ఉంచుచున్నాను.

అతనిని, అతని భార్యను, చిన్న కుమార్తెను కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రము ఎన్నుకొనెను. ఆ రాష్ట్రములోనే స్థిరపడుదుమని వారు దరఖాస్తులో వ్రాసి సంతకము చేసిరి. జనవరి మాసపు చలిలో రెజైనా పట్టణమున దిగిరి. అచ్చటి చిన్న సంఘమువారు విమానాశ్రయమునకు వచ్చి, ముగ్గురికిని చలికోట్లు తెచ్చియిచ్చి, ఇల్లు దొరకువరకు తమ యింట ఉంచుకొనిరి. సహోదరుడు తాను చదివిన చదువుకు తగిన పని కొరకు పదకొండు నెలలు వెదకెను. రాత్రులు గిడ్డంగిలో పెట్టెలు మోసెను. తుదకు అంటారియో రాష్ట్రములో, టొరంటో దగ్గర నున్న బ్రాంప్టన్‌లో, తగిన పని దొరికెను. కుటుంబమంతయు అచ్చటికి తరలిపోయెను.

రెజైనాలో కడపటి ఆదివారమున, ప్రతివారము వారిని తన కారులో గుడికి తీసికొనిపోయిన ముసలి పెద్ద ఒకాయన, కోపము లేకుండ ఒక్కమాట అనెనట: "మీరు ఇక్కడనే ఉందురనుకొంటిమి." బ్రాంప్టన్‌కు చేరిన తరువాత మన తెలుగు స్నేహితుడొకడు ఆ సంగతి విని నవ్వి, "ఆ సంతకము కాగితము కొరకే గదా! అందరును చేయునదే" అనెనట. సహోదరుడు నాకు వ్రాసినది ఇది: "అయ్యగారూ, పెద్దాయన మాట నన్ను గుచ్చుచున్నది. స్నేహితుని నవ్వు అంతకంటె ఎక్కువగా గుచ్చుచున్నది. నేను పాపము చేసితినా?"

ప్రియులారా, ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పరాదు. ముందుగా సంగతి ఎట్టిదో తెలిసికొందము.

కెనడా దేశమున పది రాష్ట్రములు, మూడు ప్రాంతములు కలవు. వలసవచ్చువారిలో ఎక్కువమంది టొరంటో, వాంకూవర్ వంటి పెద్ద పట్టణములకే పోవుచుండగా, మైదాన రాష్ట్రములలోను తూర్పు సముద్రతీర రాష్ట్రములలోను పనివారు, వైద్యులు, దాదులు చాలక ఇబ్బంది కలుగుచుండెను. అందుచేత 1998 మొదలుకొని కేంద్ర ప్రభుత్వము ఒక్కొక్క రాష్ట్రముతో ఒప్పందము చేసికొని, తనకు కావలసినవారిని ఆ రాష్ట్రమే ఎన్నుకొని పేరు సూచించు ఏర్పాటు చేసెను. దీనినే ప్రొవిన్షియల్ నామినీ పద్ధతి అందురు. క్విబెక్ రాష్ట్రమునకు మాత్రము వేరు ఏర్పాటు కలదు. ఇట్లు ఎన్నికైనవారు, తమ్మును సూచించిన రాష్ట్రములోనే నివసింప నుద్దేశించుచున్నామని చెప్పవలెను. ఆ ఉద్దేశము నిజమైనదై యుండవలెను. ముఖ్యమైన సంగతిలో అబద్ధమాడి ప్రవేశించినట్లు తేలినయెడల, 5 సంవత్సరములు ఆ దేశమున అడుగుపెట్టకుండ నిషేధించు చట్టము కూడ ఉన్నది.

అయితే అదే దేశమందు 1982లో ఏర్పడిన హక్కుల శాసనము ఆరవ విభాగమున, పౌరులకును శాశ్వత నివాసులకును ఏ రాష్ట్రమునకైనను పోయి కాపురముండుటకును జీవనోపాధి సంపాదించుకొనుటకును హక్కు ఇయ్యబడినది. కావున యథార్థమైన ఉద్దేశముతో వచ్చి, తరువాత కారణముచేత వేరొక రాష్ట్రమునకు తరలిన శాశ్వత నివాసిని ఆ దేశము నేరస్థునిగా ఎంచదు.

చట్టము ఇంతవరకు చెప్పినది. విశ్వాసికి ఇది చాలునా? చట్టము మన కాళ్లను విడిచిపెట్టవచ్చును. మనస్సాక్షి మన హృదయమును పట్టుకొని అడుగును. "నీవు వెళ్లవచ్చునా?" అని చట్టము చూచును. "నీవు చెప్పినప్పుడు నీ మాట నిజమేనా?" అని దేవుడు చూచును.

ఇప్పుడు మన ధ్యాన భాగమునకు వత్తము. అపొస్తలుడైన పౌలునకే ఈ నింద వచ్చెను. అతడు కొరింథునకు వత్తునని తెలియజేసెను. మొదట వారియొద్దకు వచ్చి, అచ్చటనుండి మాసిదోనియకు పోయి, మరల వారియొద్దకే రావలెనని ఉద్దేశించెను. తరువాత ఆ ఏర్పాటు మారిపోయెను. పౌలు రాలేదు. కొరింథులో గుసగుసలు పుట్టెను. ఇతని మాటకు నిలుకడ లేదు, అవునని చెప్పి కాదని చేయువాడు, ఇట్టివాని సువార్తను ఎట్లు నమ్ముదుము అని కొందరు అనుకొనిరి. చూడండి, ప్రయాణపు సంగతి సువార్తవరకు పోయెను! విశ్వాసి మాట తేలికయైనచో, అతడు సేవించు ప్రభువు నామమే జనుల నోట తేలికయగును.

పౌలు ఏమని ఉత్తరమిచ్చెను? అందరును చేయునదే అని నవ్వి త్రోసివేయలేదు. నాకు హక్కు కలదు, మీరెవరు అడుగుటకు అనియు అనలేదు. మూడు సంగతులు చెప్పెను.

మొదటిది, తన మనస్సాక్షి సాక్ష్యము (12వ వచనము). తాను కపటము లేకుండ, దేవుడు ఎరిగిన యథార్థతతో నడిచితినని అతడు చెప్పగలిగెను. ఏర్పాటు చేసిన దినమున అతని నోట ఒకటి, హృదయమందు మరియొకటి లేదు. ప్రియులారా, దారి మారుట వేరు, మాట తప్పుట వేరు. మాట చెప్పిన దినముననే మాట తప్పువాడు ఒకడు కలడు. వాడు ఊరు మారకపోయినను అబద్ధికుడే. మాట చెప్పిన దినమున నిజముగా చెప్పి, తరువాత దేవుడు తెరచిన వాకిట వేరొక చోటికి పోవలసిన వాడు ఒకడు కలడు. వాడు వేయి మైళ్లు తరలినను అబద్ధికుడు కాడు.

రెండవది, తన మార్పుకు కారణము తన సుఖము కాదని చెప్పెను (23వ వచనము). వారిని నొప్పింపకూడదనియే రాలేదని దేవుని సాక్షిగా పెట్టెను. మనము తరలునప్పుడు ఎవరి మేలు చూచుచున్నాము? భార్యాబిడ్డల పోషణకై పని వెదకి పోవుట దోషము కాదు, అది బాధ్యత. అయితే మరి రెండు గదులున్న ఇంటికొరకు, మనవారందరు చూచి మెచ్చుకొను పట్టణపు పేరుకొరకు పోవుటను కూడ మనము "దేవుని నడిపింపు" అని పిలుచుచున్నామేమో పరీక్షించుకొనవలెను. లోతు కన్నులెత్తి నీళ్లుగల మైదానమును చూచెనని ఆదికాండము 13వ అధ్యాయము చెప్పుచున్నది. ప్రార్థన చేసెనని చెప్పుటలేదు.

మూడవది, పౌలు తన మాటనుండి దేవుని మాటకు దృష్టి త్రిప్పెను (18–20 వచనములు). మనుష్యుని ఏర్పాట్లు మారును. క్రీస్తునందు దేవుని వాగ్దానములు మారవు, ఆయనయందు అవి అన్నియు అవునన్నట్టే యున్నవి. ఈ మూడవ సంగతి ఎందుకు కావలసియున్నదో కొంచెము సేపటిలో చెప్పెదను.

మాట చెప్పిన దినముననే కపటముండినచో ఏమగును? యెహోషువ 9వ అధ్యాయము చదువుడి. గిబియోనువారికి ఆ దేశమున నివసించుటకు అనుమతి కావలెను. పాతగోనెలు, చినిగిన ద్రాక్షారసపు తిత్తులు, మాసికలు వేసిన చెప్పులు, ఎండి బూజుపట్టిన రొట్టెలు సిద్ధపరచుకొని, తాము బహు దూరదేశమునుండి వచ్చితిమని చెప్పిరి. వారి కాగితములన్నియు సరిగానే కనబడెను! నిబంధన దొరికెను, ప్రాణములు దక్కెను. మూడు దినములకు నిజము బయటపడెను. ఇశ్రాయేలు పెద్దలు తాము చేసిన ప్రమాణమును తప్పలేదు. గిబియోనువారు మాత్రము కట్టెలు కొట్టువారును నీళ్లు తోడువారునై ఉండిరి. అబద్ధముచేత స్థలము దొరకవచ్చును, ఆ స్థలమందు తలయెత్తి నిలుచు ధైర్యము దొరకదు.

మన పట్టణములలో కన్సల్టెన్సీవారు కొందరు పిల్లలకు ఈ గిబియోను విద్యనే నేర్పుచున్నారు. "ఏ రాష్ట్రమైననేమి, వ్రాసివేయండి, దిగిన తరువాత ఎవరడుగుదురు?" అని చెప్పుచున్నారు. దరఖాస్తు పెట్టబోవు యౌవనులారా, ఈ మాట వినకుడి. మీరు నివసింప దలచని స్థలమును నివసించెదమని వ్రాయకుడి. ఆ రాష్ట్రపు చలి, పని, బడి, సంఘము వీటిని ముందుగా విచారించి, భార్యాభర్తలు మోకరించి ప్రార్థించి, నిజముగా పోగలిగినచో వ్రాయుడి. రేపు ఫలాని పట్టణమునకు పోదుమని చెప్పువారితో యాకోబు ఏమనెనో జ్ఞాపకము చేసికొనుడి (యాకోబు 4:13–15). ప్రభువు చిత్తమైతే అను మాట మన నోట అలంకారము కాకూడదు. ప్రభువు మార్చినయెడల మారుదును గాని, ప్రభువును మోసపుచ్చి మారను అనియే దాని భావము.

ఇక దేవుడు దారి మార్చుట నిజముగా కలదా అని అడుగుదురేమో. ఉత్తర కోస్తా జిల్లాలలోని మన సంఘముల చరిత్రయే దానికి సాక్షి. 1873లో కెనడా తూర్పు తీరపు రాష్ట్రములనుండి బాప్తిస్టు మిషనరీల చిన్న గుంపు ఒకటి ఓడనెక్కెను. వారు బయలుదేరినది తెలుగుదేశమునకు కాదు. సియాము దేశమందు, అనగా నేటి థాయిలాండులో, కరెను జాతివారి మధ్య స్థిరపడవలెనని వారి ఉద్దేశము. వారిని పంపిన సంఘములు కానుకలిచ్చినది ఆ పని కొరకే. బర్మామీదుగా పోయి సియాములో వెదకి చూడగా, తాము తలంచినంత మంది కరెనులు అచ్చట కనబడలేదు.

అప్పుడు వారు ఏమి చేసిరి? తమకు తోచిన చోటికి చెప్పకుండ పోలేదు. స్వదేశమందలి సంఘములకు సంగతి తెలియపరచిరి. 1874లో కాకినాడలో కెనడావారే అయిన మరియొక బాప్తిస్టు శాఖవారు పని ఆరంభించియుండిరి. వారితో కలిసి తెలుగువారి మధ్య పనిచేయుటకు స్వదేశమునుండి సమ్మతి వచ్చెను. 1875లో ఆ గుంపువారు మన తీరమునకు వచ్చిరి. కొందరు భీమునిపట్నములో, కొందరు శ్రీకాకుళములో, జార్జి చర్చిల్, మెటిల్డా చర్చిల్ దంపతులు బొబ్బిలిలో స్థిరపడి, తాము తలంపని భాషను నేర్చుకొని, తాము తలంపని జనుల మధ్య దీర్ఘకాలము సేవచేసిరి.

ఆలోచించుడి. కెనడా మనుష్యుల ఏర్పాటు మారినందున మన తాతముత్తాతలలో అనేకులు సువార్త వినిరి. నేడు ఆ సంఘముల బిడ్డలు కెనడాకు పోయి, తమ ఏర్పాటు మారినదని దుఃఖపడుచున్నారు. పౌలును ఆసియలో వాక్యము చెప్పనియ్యక, బితూనియకు పోనియ్యక, త్రోయకు తెచ్చి, సముద్రము దాటించి ఫిలిప్పీలో నిలిపిన దేవుడు (అపొ. కార్య. 16:6–12) నేడును దారులు మార్చువాడే. అయితే పౌలు ఫిలిప్పీకి చేరినప్పుడు అతని సంచిలో అబద్ధము లేదు. మిషనరీలు బొబ్బిలికి చేరినప్పుడు తమ్మును పంపినవారికి దాచిన సంగతి లేదు. దేవుడు మార్చిన దారి అని మనము చెప్పుటకు ముందు ఇది చూచుకొనవలెను.

ఈ సంగతులు వ్రాసి, నేను ఆ సహోదరుని ఒక్క ప్రశ్న అడిగితిని: "నాయనా, సంతకము చేసిన దినమున నీ హృదయము రెజైనాలో ఉండెనా, బ్రాంప్టన్‌లో ఉండెనా?" నెల దినములు జవాబు రాలేదు. తరువాత వచ్చిన ఉత్తరములో ఇట్లున్నది: "అయ్యగారూ, సగము అక్కడ, సగము ఇక్కడ. రెజైనాలో బడులను గూర్చి, సంఘములను గూర్చి నిజముగానే విచారించితిని. అదే వారములో బ్రాంప్టన్‌లోని మా పెదనాన్న కొడుకుతో, ఒక సంవత్సరము చూచి వచ్చెదనని కూడ చెప్పితిని. ఏది నా నిజమైన మాటయో నాకే తెలియలేదు."

ప్రియులారా, ఆ ఉత్తరము చదివి నేను చాలసేపు ఊరకుంటిని. మనలో ఎక్కువమంది సంగతి ఇదే గదా! పౌలువలె పూర్ణముగా యథార్థులము కాము, గిబియోనువారివలె పూర్ణముగా కపటులము కాము. సగము అవును, సగము కాదు. ఇట్టివారి కొరకే ఆ మూడవ సంగతి వ్రాయబడినది. మన అవును సగమై యుండగా, దేవుడు క్రీస్తునందు మనకు చెప్పిన అవును పూర్ణమై యున్నది. ఆయన సిలువయొద్దకు సగము నిజమును తెచ్చి, ఇది సగమే ప్రభువా అని ఒప్పుకొనువాడు త్రోసివేయబడడు. ఒప్పుకొనక దానినే పూర్ణ నిజమని చూపువాడు మాత్రము సమాధానము పొందడు.

నేను అతనికి వ్రాసినది ఇంతే. ఆ సగమును దేవునియెదుట ఒప్పుకొనుము, క్షమాపణను నమ్ముము. నీవు తిరిగి రెజైనాకు పోవలెనని నేను ఆజ్ఞాపించను. నీ బిడ్డకు అన్నము పెట్టు పని బ్రాంప్టన్‌లో ఉన్నది, చట్టము దానిని ఒప్పుకొనుచున్నది. అయితే ఆ పెద్దాయనకు ఉన్నది ఉన్నట్లు ఉత్తరము వ్రాయుము. నిన్ను చేర్చుకొన్న పట్టణమును గూర్చి మనవారి మధ్య ఎన్నడును తక్కువగా మాటలాడకుము. వారు ఇచ్చిన మూడు కోట్ల వెలను, రాబోవు క్రొత్త కుటుంబము కొరకు ఆ సంఘమునకు పంపుము. ఇకమీదట చిన్న సంగతులలో సహితము నిజముగా ఉండుము.

చిన్న సంగతులని ఎందుకు అంటిననగా, శోధన అచ్చటనే పొంచియుండును. బ్రాంప్టన్ పట్టణమున కారు బీమా మిక్కిలి ఖరీదైనది. కొందరు పాత రాష్ట్రపు చిరునామానే చూపుచు తక్కువ బీమా కట్టుటకు చూతురు. విశ్వాసి తన డ్రైవింగు లైసెన్సును మార్పించుకొనవలెను. క్రొత్త రాష్ట్రపు ఆరోగ్య బీమా ఆరంభమగుటకు 3 నెలలవరకు పట్టవచ్చును. ఆ మధ్యకాలమున పాత రాష్ట్రమే భారము వహించును గనుక, కపటమునకు అవసరమే లేదు. డిసెంబరు 31న ఎచ్చట కాపురముండునో ఆ రాష్ట్రమునకే ఆ సంవత్సరపు పన్ను లెక్క చూపవలెను. దారి మారినందుకు నింద లేదు, దారి మారిన తరువాత రెండు చోట్ల ఉన్నట్లు నటించినచో నిందయే.

ఇక్కడ నిలిచియున్న మనకును ఒక మాట. కొరింథువారు పౌలు రాకపోవుట చూచిరి గాని, అతని కన్నీళ్లు చూడలేదు (2 కొరింథీ 2:4). "అక్కడ నిలువలేకపోయెనట" అని దూరమునుండి తీర్పు తీర్చకుడి. తల్లిదండ్రులారా, బిడ్డ పెద్ద పట్టణములో ఉన్నాడని చెప్పుకొను ఆశతో వానిని త్రొక్కిపట్టకుడి. చిన్న పట్టణములో యథార్థముగా నిలిచిన కుమారుడు మీకు ఘనతయే. నష్టము కలిగినను ప్రమాణము తప్పనివానిని గూర్చి 15వ కీర్తన ఏమి చెప్పుచున్నదో మీ యింట చదువుకొనుడి. నిజముగా నిలువగలిగినవారు నిలుచుట శ్రేష్ఠము. తాము చేరిన పట్టణపు క్షేమమును వెదకుడని యిర్మీయా చెరలోనివారికి వ్రాసిన మాట (29:7) రెజైనాకును వర్తించును, బ్రాంప్టన్‌కును వర్తించును.

సహోదరుడు ఉత్తరము వ్రాసెను, డబ్బు పంపెను. రెజైనా పెద్దాయనయొద్దనుండి చిన్న జవాబు వచ్చినదని నాకు తెలిపెను. నిందగాని, పొగడ్తగాని అందులో లేదు. ఈ చలికాలమున మరి రెండు కుటుంబములు రానున్నవి, కోట్లు కొంటిమి, వారికొరకు ప్రార్థించుడి అని మాత్రమే వ్రాసియుండెను. ఆ కుటుంబములు ఎంతకాలము నిలుచునో ఆయనకు తెలియదు. అయినను విమానాశ్రయమునకు పోవుటకు ఆయన సిద్ధముగా ఉన్నాడు. దేవుని అవును నమ్మినవాడు ఇట్లే చేయును.

ప్రార్థన: మా త్రోవలను ఎరిగిన ప్రభువా, మేము తలంచిన చోటికి మమ్మును చేర్చనప్పుడును నీవు మాతో ఉన్నావని నమ్ముటకు కృప దయచేయుము. మా నోటి మాటను హృదయముతో ఏకము చేయుము. మా సగము నిజమును క్షమించుము. పరదేశమున మమ్మును చేర్చుకొన్నవారిని ఆశీర్వదించుము. మేము ఎచ్చట స్థిరపడినను అచ్చట నీ నామము తేలిక కాకుండ కాపాడుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.